నడుము నొప్పికి చిన్న కోత
(ఉగాది సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట ఆపరేషను మాట ఎందుకని కొందరనుకోవచ్చును. కాని మగ్గం మీద వంగి పనిచేసిన పెద్దలూ, ఒళ్లో చేట పెట్టుకొని గంటల తరబడి బీడీలు చుట్టిన తల్లులూ ఉన్న ఈ షోలాపురం తెలుగువారిలో నడుము నొప్పి ఎరుగని ఇల్లు అరుదు. “చిన్న కోతతో నడుము బాగుచేస్తారట. బంగారం కుదువపెట్టి అయినా చేయించుకోమంటారా?” అని నన్ను అడిగేవారున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

నడుములో అయిదు పూసలున్నవి. పూసకూ పూసకూ మధ్య మెత్తని డిస్కు ఉంటుంది. పూస జారి నరాన్ని నొక్కినప్పుడు, రెండు పూసలను స్క్రూలతో, కడ్డీలతో బిగించి, మధ్య ఎముక ముక్కలు పెట్టి ఒకటిగా అతికిస్తారు. ఇది నిన్నటి విద్య కాదు. 1911లోనే న్యూయార్కులో హిబ్స్, ఆల్బీ అనే వైద్యులు క్షయవల్ల చెడిన వెన్నును నిలబెట్టడానికి పూసలను అతికించారు.

పూర్వం వెన్నుమీద పొడుగుగా కోసి, కండరాలను ఎముకనుండి ఒలిచి ఈ పని చేసేవారు. ఇప్పుడు ఎక్స్‌రేలో చూచుకొంటూ, చిన్న గాట్లలోనుండి గొట్టం దింపి, కండరాలను పక్కకు తొలగించి చేస్తున్నారు. రక్తం తక్కువ పోతుంది. త్వరగా ఇంటికి రావచ్చును. మంచిదే. కాని చిన్నది కోత మాత్రమే. లోపలి పని చిన్నది కాదు. ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. పొగ త్రాగేవారికి అది సరిగా అతుక్కోకపోవచ్చును. ఏడాది రెండేళ్లు గడిచాక చూస్తే పాత పద్ధతికీ దీనికీ ఫలితంలో పెద్ద తేడా లేదు.

మరి ఎవరికి అవసరం? పూస జారి, నరం నలిగి, కాలు లాగుతూ, నెలల తరబడి మందులు వాడినా, వ్యాయామం చేసినా తగ్గనివారికి దీనివల్ల మేలు కలుగవచ్చును. వట్టి నడుము నొప్పికైతే తొందరపడవద్దు. 2005లో బ్రిటనులో ప్రకటించిన పరిశోధనలో, ఆపరేషను చేయించుకొన్నవారికీ, పద్ధతిగా వ్యాయామ శిక్షణ పొందినవారికీ రెండేళ్ల తరువాత కనిపించిన తేడా స్వల్పమే. ఎమ్.ఆర్.ఐ. రిపోర్టులో “డిస్కు అరిగింది” అని ఉన్నంత మాత్రాన బెదరకండి. వయసు మీరినకొద్దీ ఏ నొప్పీ లేనివారి డిస్కులు కూడా అరుగుతాయి.

ఒక్క విషయంలో మాత్రం జాగు తగదు. మలమూత్రాల పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. నడుము నొప్పితో జ్వరం వస్తూ బరువు తగ్గుతుంటే, క్షయ కావచ్చునేమో పరీక్ష చేయించుకోవాలి.

సంతకం పెట్టేముందు డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. ఏ నరం నలుగుతున్నది? ఆపరేషను చేయించుకోకపోతే ఏమవుతుంది? ఎన్నాళ్లకు పనిలోకి వెళ్లగలను? ఆయన మరాఠీలోనో ఇంగ్లీషులోనో చెప్పినది పెద్దలకు బోధపడకపోతే, చదువుకొన్న మనుమడినో మనుమరాలినో వెంట తీసుకొని వెళ్లండి. అర్థం కాని కాగితంమీద మాత్రం సంతకం చేయకండి.

ఇక రేపటినుండి, మగ్గం దగ్గర ఉన్నా చేట ముందు ఉన్నా, గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. దీనికి బంగారం కుదువపెట్టనక్కరలేదు.