బూడిద ఎక్కడ కుదురుకుంటుంది?

కోయిలకుంట్ల నుంచి కుందూ నది వెంబడి దిగువకు పోతే కడప సీమ. అక్కడ ఎర్రగుంట్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలి గుట్టలకొద్దీ బూడిద మిగులుతోంది. దాన్ని అల్యూమినియంలో కలిపి తేలికైన, తొందరగా అరగని మిశ్రమ పదార్థం చేయవచ్చన్నది ఇంజనీరింగ్ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే అంశం. పట్టాలు అందుకుంటున్న మీలోనూ కొందరు చేసే ఉంటారు. ఆ నివేదికల్లో మొదటి పట్టిక దాదాపు ఒకటే: ఐదు శాతం, పది శాతం, పదిహేను శాతం. నా పేచీ ఆ పట్టికతోనే. ఎంత కలిపామన్న దానికన్నా, కలిపింది లోపల ఎలా అమరిందన్నదే బలాన్ని ఎక్కువగా తేలుస్తుంది.

1906లో జర్మనీలో లోహశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్ రాగి, కాస్త మెగ్నీషియం కలిసిన అల్యూమినియంను వేడిచేసి గబుక్కున చల్లార్చాడు. అప్పటికి మెత్తగానే ఉన్న లోహం రోజులు గడిచేకొద్దీ దానంతటదే గట్టిపడింది. కొత్తగా చేరిందేమీ లేదు. 548 డిగ్రీల సెల్సియస్ వద్ద అల్యూమినియం ఐదున్నర శాతానికి పైగా రాగిని తనలో ఇముడ్చుకుంటుంది. చల్లారాక అర శాతం కూడా పట్టదు. బయటపడే వ్యవధి లేక చిక్కుకుపోయిన రాగి పరమాణువులు మెల్లగా పలచని రేకుల్లా గుమిగూడి, స్ఫటికంలో జారే లోపాలకు అడ్డం పడతాయి. 1938లో శాస్త్రవేత్తలు గినియె, ప్రెస్టన్ విడివిడిగా ఎక్స్‌రేలతో వాటి జాడ పట్టుకున్నారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ లోహం ఆకాశానికి ఎగిరింది! అదే లోహాన్ని మరీ ఎక్కువసేపు వేడిలో ఉంచితే ఆ రేకులు ముదిరి, ఒకదానికొకటి దూరమై, బలం మళ్లీ తగ్గుతుంది. శాతం మాత్రం మారదు.

బూడిద మరింత మొండిది. కరిగిన అల్యూమినియం దాన్ని సరిగా తడపదు. లోపల బోలుగా ఉన్న రేణువులు పైకి తేలిపోతాయి. గిరగిరా తిప్పి పోసినా, ముందుగా గట్టిపడే అల్యూమినియం కొమ్మలు రేణువులను నెట్టుకుపోయి, చివరగా గట్టిపడే సందుల్లో పోగేస్తాయి, సరిగా గెలకని సంగటిలో పిండి ఉండలు కట్టినట్టు. పగులు అక్కడే మొదలవుతుంది. వేగంగా చల్లారిస్తే కొమ్మలు సన్నబడి, ఉండలూ చిన్నవవుతాయి. తడపడం కోసం మెగ్నీషియం వేస్తారు కదా, అందులో కొంత బూడిదలోని సిలికాతో చర్య జరిపి ఖర్చయిపోతుంది. వేడి చికిత్సలో సిలికాన్‌తో కలిసి బలమివ్వాల్సింది ఆ మెగ్నీషియమే. కాబట్టి బూడిద పెంచినా బలం పెరగకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు రాగే లేకపోతే విల్మ్ ఏం చేసేవాడని మీరు అడగవచ్చు. నిజమే, హద్దులు గీసేది కూర్పే. సాంద్రత, సాగుదలకు లొంగని బిగువు కూడా చాలావరకు శాతం మాటే వింటాయి. ఆ మేరకు నా వాదన తగ్గించుకుంటాను. బలం, పగుళ్లను తట్టుకునే గుణం దగ్గర మాత్రం తగ్గను. చిన్న పోత కర్మాగారానికి ఇంత పరిశీలన ఖర్చు ఎక్కడిదన్నది మరో అభ్యంతరం. రాగి రేకులను చూడడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి గానీ, బూడిద ఉండలు నునుపుగా రుద్దిన ముక్కపై మామూలు లోహ సూక్ష్మదర్శినికే కనిపిస్తాయి. అచ్చు గోడకు ఆనుకుని త్వరగా చల్లారిన లోహం, నడిమిలో నింపాదిగా చల్లారిన లోహం ఒకే పోతలోవైనా ఒకేలా ప్రవర్తించవు. అందుకే ముక్కను ఎక్కడ కోశారో, ఎంత వేగంగా చల్లార్చారో చెప్పని పట్టికను నేను నమ్మను. రేపు మీ చేతికి అలాంటిది వస్తే, సంతకం పెట్టే ముందు ఆ రెండూ అడగండి.