కొడుకును దిద్దుకున్న తల్లి



తల్లి ప్రేమ గురించి మాట్లాడమన్నారు. ఆ ప్రేమను వేరుగా చూపించిన ఒక చిన్న సినిమా గురించి చెబుతాం. పేరు ‘నట్‌ఖట్’, అంటే అల్లరివాడు. 2020లో హిందీలో వచ్చింది. నిడివి 33 నిమిషాలు. దర్శకుడు షాన్ వ్యాస్. తల్లిగా విద్యాబాలన్ నటించారు. కొడుకు సోనూ వేషం వేసింది ఒక పాప, సానికా పటేల్.

బడిలో పెద్ద పిల్లల వెంట తిరిగిన సోనూ, ఒకరోజు భోజనాల దగ్గర, మాట వినని ఆడదాన్ని ఎత్తుకుపోయి బుద్ధి చెప్పాలన్నట్టు మాట్లాడతాడు. మగవాళ్లు నవ్వుతారు. తల్లికి గుండె ఆగినంత పనవుతుంది. ఆ ఇంట్లో ఆమె మాటకు విలువ లేదు. ఆమే హింస పడుతోంది. ఆమె చేతిలో ఉన్నది కథ ఒక్కటే. కొడుకును పక్కలో పడుకోబెట్టుకుని కథతోనే దిద్దుకుంటుంది.

ఇది చూశాక మాకు మా హాస్టల్ గుర్తొచ్చింది. అమ్మ పక్కలో కథ వినే వయసులో మీరు ట్రంకు పెట్టె పట్టుకుని మా దగ్గరికొచ్చారు. అన్నం, దుప్పటి, మందులు చూశాం. రాత్రి కథ సంగతి మాకు తట్టలేదు. ఒకసారి నాలుగో తరగతి పిల్లవాడు ఫోన్‌లో విన్న చెడ్డమాటతో తోటి అమ్మాయిని పిలిచాడు. అరిచాం, గోడకుర్చీ వేయించాం. వాడు ఏడ్చాడు. ఆ మాట ఎందుకు తప్పో మాత్రం వాడికి తెలియలేదు. అది మా తప్పు.

ఇప్పుడు రాత్రి చదువు అయ్యాక పావుగంట కథలు చెప్పుకుంటున్నాం. అవ్వలు చెప్పిన కథలను పిల్లల చేత వాళ్ల భాషలోనే చెప్పిస్తున్నాం. తర్వాత, ‘ఆ కథలో ఎవరికి బాధ కలిగింది?’ అని అడుగుతున్నాం.

యువతీయువకులారా, మన గూడేల్లో ఆడపిల్లకు గౌరవం ఎక్కువని సభల్లో చెప్పుకుంటాం. మరి మన తమ్ముడి నోట అలాంటి మాట వచ్చినప్పుడు ఆపుతున్నామా, నవ్వుతున్నామా? సోనూ మాటకు పెద్దలు నవ్వకపోయి ఉంటే, అది తప్పని వాడికి ఆ పూటే తెలిసేది.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ దగ్గర ఒక కథ నేర్చుకోండి. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. తిరిగొచ్చాక మాకూ చెప్పండి.