జూదమునకు చాటింపు

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలలో పేకాట పూర్వము చాటున జరిగెడిది, ఆడువానికిని సిగ్గుండెడిది. నేడు జూదము చేతిలోని ఫోనులోనికి వచ్చినది. దానిని చాటువాడు పరాయివాడు కాడు, మన యాసలో మాటలాడి మన పిల్లలచే ‘అన్నా’ యని పిలిపించుకొన్నవాడు.

2025 మార్చిలో సూర్యాపేట జిల్లా నూతనకల్ పోలీసులు, బెట్టింగు యాప్‌లకు ప్రచారము చేసెనని, మోటారుసైకిలు యాత్రలు చూపు యూట్యూబరొకనిపై కేసు నమోదు చేసిరి. నేరము తేల్చుట న్యాయస్థానము పని. తెలంగాణము 2017లోనే ఆన్‌లైను పందెములను నిషేధించినది. 2025 ఆగస్టులో చేసిన కేంద్రచట్టము ప్రకటన చేయువానికిని రెండేండ్ల వరకు ఖైదు, 50 లక్షల వరకు జుల్మానా యనినది.

నన్ను బాధించునది వేరు. ధాన్యమమ్మిన సొమ్ము పోగొట్టిన మా పొరుగు పిల్లవాడు కంపెనీని తిట్టలేదు. ‘అన్న చెప్పెను గదా’ యని మాత్రమే యనెను. వాని తండ్రి యిప్పుడు ఫోను తలక్రింద పెట్టుకొని పండుకొనుచున్నాడు.