మరలిరాని వైమానికులు

(మద్దిలపాలెమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



యుద్ధకాలమున విమానమెక్కి మరలిరానివారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము విమానవిద్య నెరుగము. జీవితమంతయు పిల్లలచేత శబ్దములను, ధాతువులను వల్లెవేయించినవారము. అయినను మృతులను స్మరించు విధి మన శాస్త్రములలో నెట్లున్నదో కొంత చదివితిమి గనుక ఆ త్రోవనే నడచెదము.

మన పట్టణమునకు విమానయుద్ధము వినికిడిమాట కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీని ‘ర్యూజో’ యను జపాను నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసెను. అంతకు రెండువారములకు ముందే అండమానులు జపానువారి వశమయ్యెను. జనులు మూటాముల్లె గట్టుకొని పల్లెలకు పోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరికి తరలెను. ఆనాడు పేలక మిగిలిన బాంబొకటి విశాఖ మ్యూజియములో నేటికిని గలదు. పిల్లలు దాని ప్రక్క నిలిచి ఫొటో తీయించుకొందురు. చంపవచ్చిన బాంబునకు నిలువనీడ దొరకినది.

ఆ దాడికి రెండుదినములు ముందు బర్చల్ అను కెనడా వైమానికుడు లంకకు దక్షిణమున కెటాలినా విమానముపై గస్తీ తిరుగుచు జపాను నౌకాదళమును కనుగొని, వైర్‌లెస్సున వార్త పంపుచుండగా శత్రువులు విమానమును కూల్చిరి. తొమ్మండుగురిలో మువ్వురు మరణించిరి, తక్కినవారు బందీలైరి. బర్చల్ 2004 వరకు జీవించి లంకారక్షకుడని పేరుగాంచెను. ఆ మువ్వుర పేరులు చెప్పగలవారెందరు? మన హైదరాబాదున బుట్టి, 1942లో వాయుసేనాధికారియై, బర్మారంగమున విమానము నడపి, 1978లో ఆ సేనకే అధిపతియైన ఇద్రీస్ హసన్ లతీఫ్‌గారు 2018లో నిండువయసున గతించిరి. అట్టివారి చరిత్ర వ్రాయుట సులభము. తోడిబయలుదేరి తిరిగిరానివానిని గూర్చియే మన కలము సాగదు.

నేలపై గూలినవానికి పూర్వులు వీరగల్లు నిలిపిరి. పల్నాటివీరులకు కారెంపూడిలో నేటికిని ఉత్సవము జరుగుచున్నది. సముద్రమున గూలినవానికి రాయి ఎచ్చట పాతుదుము? సింగపూరునందలి క్రాంజి స్మారకమున, సమాధిలేని సైనికులవి, వైమానికులవి 24,000కు పైగా పేరులు చెక్కియున్నవి. అచట దేహము లేదు, పేరే దేహము. మన ధర్మశాస్త్రకారులును ఈ చిక్కు నెరుగనివారు కారు. దేహము దొరకనివానికి 360 మోదుగాకులతో ప్రతిమ గావించి దహింపుమనిరి. వార్త తెలియనివానికై పండ్రెండేండ్లు వేచియుండుమనిరి.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే యనుకొనవలదు. అది యుద్ధకాలము కాకపోయినను, 2016 జూలై 22వ తేదీని తాంబరమునుండి పోర్టుబ్లెయిరునకు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానము 29 మందితో బంగాళాఖాతమున అదృశ్యమయ్యెను. అందెనమండుగురు మన విశాఖలోని నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. వారు మరణించిరని ప్రభుత్వము ఆ యేడే నిశ్చయించెను. శకలములు మాత్రము 2024 జనవరిలోగాని, చెన్నపట్టణమునకు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున కానరాలేదు. ఏడేండ్లకు పైబడి ఆ యిండ్లవారు తద్దినము పెట్టవలయునా, ఎదురుచూడవలయునా? పండ్రెండేండ్లు నిండవలెనని పట్టుబట్టు పండితులు గలరు. మా మతమట్లు కాదు. జీవించియుండునేమో యను సంశయమున్నవానికే ఆ గడువు. మరణము నిశ్చయమైనపిదప వేచియుండుమనుట శాస్త్రము కాదు, నిర్దయ.

శస్త్రహతులకు మహాలయపక్షమందలి చతుర్దశి విహితమైయున్నది. ఆనాడు మన సంఘభవనమున, యుద్ధమునగాని సేనాకార్యమునగాని గతించిన మనవారి పేరులు చదివింపవలెనని మా ప్రార్థన. విమానము నడపినవారి పేరులే చాలవు. రెక్కలు బిగించిన మెకానిక్కులు, మందుగుండు మోసినవారు, వైర్‌లెస్సు విన్నవారు కూడ నుండవలెను. ఈ సంచికలో పోషకుల ఛాయాపటములకు స్థలము దొరకినది. పోషకులు మన్నింతురుగాక, వచ్చు సంచికలో ఒకటిరెండు పుటలు వీరికి విడువవలెను.

ఇంటిపేరు, గ్రామము, చేసిన కొలువు, గతించిన సంవత్సరము వ్రాసి కార్యదర్శిగారికి పంపుడు. తేదీ తెలియకున్న సంవత్సరమైనను చాలును. ఛాయాపటమున్న నకలు పంపుడు. అసలు ప్రతిని ఆ తల్లివద్దనే యుండనిండు.