గూడ్సుబండి చెప్పు జమాఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు పఠింపబడిన ప్రసంగము)



చిల్లకూరునకు పడమట గూడూరు జంక్షను, తూర్పున సముద్రము. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట పడమటిగాలి వీచినచో గూడ్సుబండి చప్పుడు ఊరిలోనికి వినవచ్చుచుండును. ప్రయాణికుల బండి వచ్చు వేళ పసిపిల్లలకును తెలియును. గూడ్సుబండి వేళను ఎవరును అడుగరు. ఐనను దేశము యొక్క కలిమిలేములు ముందుగా తెలియవచ్చునది ఆ బండి వలననే. చెరువు నీటిమట్టమును చూచి రాబోవు పంటను ఊహించునట్లు, కదలుచున్న వ్యాగనులను లెక్కించి కాలస్థితిని ఊహింపవచ్చును. ఆర్థికమాంద్యము సంభవించినప్పుడు ఈ బండ్ల గతి యేమగునో, దానివలన గ్రామవాసికి కలుగు లాభనష్టములెవ్వియో విచారించుట యీ ప్రసంగమునకు విషయము.

సరకు తనంతట తాను బండి యెక్కదు. దానిని కోరువాడు వేరొకచోట ఉండవలెను. ఒక గృహస్థు ఇల్లు కట్టదలచినచో సిమెంటు కావలెను, ఇనుము కావలెను, కిటికీలకు గాజు కావలెను. సిమెంటునకు సున్నపురాయియు బొగ్గును, ఇనుమునకు ఖనిజమును బొగ్గును కావలెను. గాజునకు ఇసుక కావలెను; ఆ తెల్లని సిలికా ఇసుక చిల్లకూరు, కోట మండలముల నేలలోనే కలదు. ఆ గృహస్థు ధనము చాలక ఇల్లు కట్టుటను వచ్చే యేటికి వాయిదా వేసెననుకొనుడు. తగ్గినది సిమెంటు బస్తాలు మాత్రమే కాదు. ఆ సిమెంటునకై రావలసిన బొగ్గు తగ్గెను. ఇనుమునకై పోవలసిన ఖనిజము తగ్గెను. ఒక్క యింటి పని ఆగినచో రైల్వేకు మూడు నాలుగు సరకులు ఒక్కసారిగా తగ్గును. ఇట్టివి వేలకొలది యిండ్లును, వందలకొలది కర్మాగారములును ఒకే కాలమున వెనుకంజ వేయుటయే మాంద్యము. కావుననే దేశము యొక్క ఆదాయము కొంచెము తగ్గినను బరువు సరకుల రవాణా అంతకు మించి తగ్గుచుండును.

సరకులన్నియు ఒకే తీరున తగ్గవు. మనుష్యుడు ఇల్లు కట్టుటను మానుకొనవచ్చును గాని అన్నము మానుకొనలేడు. అందుచేత బియ్యము, గోధుమ, ఎరువులు చెడుకాలమునను బండి యెక్కుచునే యుండును. మొదట దెబ్బతినునవి ఇనుప ఖనిజము, ఉక్కు, సిమెంటు, ఎగుమతి సరకులు.

ఇంకొక విశేషము గమనింపదగినది. రైల్వేకు ప్రధానము సరకు యొక్క వెల కాదు, బరువును, దూరమును. ఒక టన్ను సరకు ఒక కిలోమీటరు నడచినచో అది యొక లెక్క. ఒకప్పుడు గూడూరు పేరు దేశాంతరముల వినబడినది అభ్రకము వలన. విద్యుద్యంత్రములకు పనికివచ్చు ఆ రేకులు వెలలో ఘనములు, బరువులో స్వల్పములు. అభ్రకము ధర పడిపోయినప్పుడు గనులలోని కూలీల పొయ్యి ఆరెను గాని, రైల్వే లెక్కలలో అది పెద్ద లోటుగా కనబడదు. ఒక ప్రాంతము యొక్క కష్టమంతయు వ్యాగనుల లెక్కలో ఇముడదని యిందువలన తెలియవలెను.

ఇక పూర్వ వృత్తాంతము. 1929లో అమెరికాలో మొదలైన మహామాంద్యము ప్రపంచమంతట వ్యాపించెను. అమెరికా రైళ్లు మోసిన సరకు 1932 నాటికి దాదాపు సగమునకు దిగెను. హిందూదేశమున ధాన్యము ధర పడిపోయెను. పండించినవానికి బాడుగ ఖర్చయినను మిగులనప్పుడు ధాన్యము గాదెలోనే నిలుచును. గూడూరు మీదుగా పోవు మార్గము ఆనాడు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేది. 1924లో రైల్వే జమాఖర్చులను ప్రభుత్వపు సామాన్య జమాఖర్చులనుండి వేరుచేసి, రైల్వేలు ఏటేట ప్రభుత్వమునకు కొంత సొమ్ము చెల్లించునట్లు ఏర్పాటు చేసిరి. 1931-32 మొదలు ఆ చెల్లింపు నిలిచిపోయెను. అంతేకాక, అరిగిపోయిన పట్టాలను, యింజనులను మార్చుటకై దాచిన తరుగుదల నిధినుండి అప్పు తీసుకొని లోటు పూడ్చుకొనవలసి వచ్చెను. వేలాది కార్మికులు పనినుండి తొలగింపబడిరి. తొలగింపుల బాధ అంతకుముందే ఆరంభమైనది. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో అట్టి తొలగింపులకు ప్రతిగా జరిగిన సమ్మెకు నాయకత్వము వహించినవారు తరువాత రాష్ట్రపతియైన వి. వి. గిరిగారు.

అదే కాలమున మోటారు బండి రైలుకు పోటీగా వచ్చెను. 1933లో ఈ పోటీని గూర్చి మిచెల్, కిర్క్‌నెస్ అనువారు నివేదిక సమర్పించిరి. 1936-37లో వెడ్జివుడ్ సంఘము రైల్వేల స్థితిని పరిశీలించెను. మాంద్యము తీరిపోయెను గాని రోడ్డుమీదికి పోయిన సరకు అంతయు మరల పట్టాలమీదికి రాలేదు. ఈ మాట గుర్తుంచుకొనదగినది. దీని ప్రస్తావన మరల వచ్చును.

రెండవ వృత్తాంతము ఈ తీరమునకు మిక్కిలి దగ్గరిది. 2008 జులై 17న కండలేరు క్రీకునకు ఉత్తరపుటొడ్డున కృష్ణపట్నము రేవు ప్రారంభోత్సవము జరిగెను. వెంకటాచలమునుండి రేవునకు రైలుదారి పడెను. బళ్లారి, హోస్పేట ప్రాంతముల ఇనుప ఖనిజము ఈ రేవు మీదుగా చైనాకు పోవలెనని ఆశ. రెండు మాసములైనను గడవకముందే, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను బ్యాంకు దివాలా ప్రకటించెను. ఉక్కుకు గిరాకీ తగ్గెను. ఖనిజపు ధర దిగెను. న్యూయార్కులో బ్యాంకు మూతపడుటకును, నెల్లూరు తీరమున వ్యాగను నిలుచుటకును సంబంధమేమని అడుగువారికి ఇదియే సమాధానము.

2009లో అమెరికా రైళ్లపై నడచిన వ్యాగను లోడులు అంతకు ముందటి యేటికంటె నూటికి 16 వంతులు తగ్గెను. సుమారు ఐదు లక్షల వ్యాగనులు పనిలేక సైడింగులలో నిలిచియుండెను. హిందూదేశమున మాత్రము అట్టి పతనము లేదు. 2007-08లో 79 కోట్ల 40 లక్షల టన్నులుగా ఉన్న సరకు 2008-09లో 83 కోట్ల 30 లక్షలు, 2009-10లో 88 కోట్ల 80 లక్షల టన్నులు అయ్యెను. కారణమేమనగా, ఇక్కడి బండ్లలో అధికభాగము దేశములోని విద్యుత్కేంద్రములకు పోవు బొగ్గు, దేశములో తినబడు ధాన్యము, దేశములో వాడబడు సిమెంటు. ఇంటి గిరాకీ నిలిచినచో బయటి గాలివాన కొంత ఓర్చుకొనవచ్చును. ఎగుమతి మీద ఆధారపడిన రేవు మార్గములకు మాత్రము ఆ ధైర్యము లేదు.

బండ్లు తగ్గినప్పుడెల్ల మాంద్యమని తలపరాదు. 2010 జులైలో కర్ణాటక ప్రభుత్వము ఖనిజపు ఎగుమతిని నిషేధించెను. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి గనుల త్రవ్వకమును ఆపెను. అక్రమ త్రవ్వకములే దీనికి హేతువు. రేవునకు వచ్చు ఖనిజపు బండ్లు నిలిచెను. కూలీకి మాత్రము మాంద్యమైనను, న్యాయస్థానపు ఉత్తరువైనను ఒక్కటే. ఆనాటికి పని లేదు. అటుపిమ్మట బండ్ల దిక్కు మారెను. లోపలినుండి రేవునకు ఖనిజము వచ్చుటకు మారుగా రేవునుండి లోపలికి బొగ్గు పోవుట ముఖ్యమాయెను.

మూడవ వృత్తాంతము అందరును కన్నులార చూచినది. ఓబులవారిపల్లె నుండి కృష్ణపట్నమునకు కొండలను తొలిచి వేసిన మార్గమున చెర్లోపల్లి, రాపూరుల నడుమ ఆరున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగము 2019 సెప్టెంబరు 1న జాతికి అంకితమాయెను. కడపవైపు పోవు బండ్లు గూడూరు, రేణిగుంటల మీదుగా చుట్టు తిరుగు శ్రమ తప్పెను. ఏడు మాసములు నిండకముందే, 2020 మార్చి 25న, కరోనా వ్యాధి కారణమున దేశమంతయు మూతపడెను. 2008లో రేవునకు పట్టిన గతియే 2020లో సొరంగమునకును పట్టెను. మార్గము సిద్ధమగుటకు ఏండ్లు పట్టును. కాలము తిరుగబడుటకు వారము చాలును.

2019 ఏప్రిలులో రైళ్లు మోసినది సుమారు 10 కోట్ల టన్నులు. 2020 ఏప్రిలులో ఆరున్నర కోట్లు. ఆ త్రైమాసికమున దేశాదాయము నూటికి సుమారు 24 వంతులు పడిపోయెను. అప్పుడును మొదట చెప్పిన సూత్రమే నిలిచెను. సిమెంటు ఆగెను, ఉక్కు ఆగెను. ఆహారధాన్యము మాత్రము మునుపటికంటె ఎక్కువ నడచెను. రేణిగుంటనుండి ఢిల్లీకి పాలబండి మార్చి 26ననే బయలుదేరెను. ప్రయాణికుల బండ్లు లేని దారిలో గూడ్సుబండి వేగము గంటకు ఇరువది నాలుగు కిలోమీటర్ల ప్రాంతమునుండి నలుబదియైదునకు పెరిగెను. చిరకాలముగా వాయిదాపడుచున్న వంతెనల, పట్టాల మరమ్మతులు ఆ నిశ్శబ్దకాలముననే అనేకము పూర్తియాయెను. సంవత్సరము ముగియునప్పటికి 123 కోట్ల టన్నులు నడచెను. ఇది ముందటి యేటి 121 కోట్లకంటె ఎక్కువ. 2024-25లో ఈ లెక్క 161 కోట్లను దాటెను.

సరకు పెరిగినది గదా, చింత యేల అని యడుగవచ్చును. ఇక్కడనే జమాఖర్చులు విప్పి చూడవలెను. నన్నయభట్టారకుడు తెనిగించిన సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజును అనేక ప్రశ్నలు అడుగును. వ్యయము ఆదాయమున నాలవవంతో, మూడవవంతో, సగమో గాని అంతకు మించకున్నదా అనునది వానిలో ఒకటి. నేటి రైల్వేకు ఆ ప్రశ్న వేసినచో జవాబు ఇది: నూరు రూపాయలు సంపాదించుటకు 2019-20లో 98 రూపాయలకు పైగాను, 2021-22లో 107 రూపాయలకు పైగాను వ్యయమాయెను. బండి నడచినను నడువకున్నను పట్టాకు కాపలా ఉండవలెను, వంతెనకు రంగు వేయవలెను, ఉద్యోగికి జీతము, విశ్రాంతుడైనవానికి పింఛను ఇయ్యవలెను. ఎండిన చెరువునకును కట్ట కాపాడవలసినదే గదా. జమ తగ్గినంత సులభముగా ఖర్చు తగ్గదు.

గ్రామవాసి ఎరుగవలసిన రహస్యము మరియొకటి కలదు. రైల్వే ఆదాయమున మూడింట రెండువంతులకు దగ్గరగా సరకులవలననే వచ్చును. ప్రయాణికుల టిక్కెట్టువలన ఆ సేవకగు ఖర్చు రాదు. గూడూరులో తక్కువ టిక్కెట్టు కొని నెల్లూరు ఆసుపత్రికి పోవు వృద్ధురాలి ఖర్చులో కొంత భాగము ఆ రాత్రి పోయిన బొగ్గుబండి చెల్లించుచున్నది. బొగ్గుబండి నిలిచినచో ఆమె బండికి చిక్కు వచ్చును. ఎవరును చూడని బండికిని, అందరును ఎక్కు బండికిని ఉన్న బంధుత్వమిది.

ఇందాక వాయిదావేసిన మాట ఇది. మాంద్యమున లారీవాడు బాడుగ తగ్గించును. ఒక్క లోడైనను చాలును, ఇంటి గుమ్మమునకే వచ్చును. రైల్వేకు ఏబదికి పైబడిన వ్యాగనుల కూర్పు నిండవలెను. గూడూరు నిమ్మకాయల బుట్ట అంతకాలము వేచియుండజాలదు. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో దేశపు సరకులో అత్యధికభాగము మోసిన రైలు నేడు మూడవవంతైనను మోయుటలేదు. మందకాలమున పోయిన వర్తకుడు మంచికాలమున తిరిగివచ్చుననుట భ్రమ. మార్గము చెడకుండ, సమయము తప్పకుండ, చిన్నవర్తకునికి చోటు దొరకునట్లు చేసినగాని అతడు రాడు.

దీనికి దృష్టాంతము దూరము పోనక్కరలేదు. ఈ తీరము వెంట బకింగుహాము కాలువ కలదు. 1877-78 కరువులో, జనము అన్నమునకు అలమటించు కాలమున, చెన్నపట్టణములో దాని రెండు భాగములను కలుపు త్రవ్వకము కరువుపనిగా జరిగెను. చెడుకాలమున చేసిన ఆ పని తరతరములకు ఉపయోగపడెను. ఉప్పు, ధాన్యము, వంటచెరకు పడవలమీద చెన్నపట్టణమునకు చేరెను. తరువాత రైలును, రోడ్డును బలిసెను. కాలువకు రాబడి తగ్గెను. రాబడి తగ్గినదని పూడిక తీయుట తగ్గెను. 1965, 1966 తుఫానులు మిగిలినదానిని చెరిపెను. 2008లో దానిని జాతీయ జలమార్గములో చేర్చిరి గాని, పూడిన కాలువకు పేరు పెట్టుట సులభము, పడవ తెచ్చుట కష్టము.

కావున మాంద్యమున బండ్లు తగ్గుట పెద్ద నష్టము కాదు. కాలము తిరిగినప్పుడు అవి తిరిగివచ్చును. రాబడి లేదను నెపమున మార్గమును పాడుపెట్టుట, పని నేర్చిన మనుష్యులను పోగొట్టుకొనుట, ఇవియే తీరని నష్టములు. ప్రారంభమైన రెండు నెలలకే మాంద్యమును చూచిన రేవును, ఏడు నెలలలోపే మూతను చూచిన సొరంగమును మొదటి యేటి లెక్కతో వ్యర్థమని తీర్మానించియున్నచో నేడు ఆ దారిన బొగ్గు పోయెడిది కాదు. బీద సంవత్సరమున మరమ్మతు, కలిగిన సంవత్సరమున నిల్వ, ఇది చెరువునకు తగిన నీతి, రైలునకును తగినదే.

గ్రంథాలయమునకును ఇదే వర్తించును. చదువరులు తక్కువైన యేటనే తలుపు తెరచియుంచువాడు కావలెను. వార్తాపత్రికలో సరకు రవాణా తగ్గెనని యొక మూల పడిన వార్తను చదివి, దానికిని తన ఊరి కూలికిని, ధాన్యమునకును, టిక్కెట్టునకును గల సంబంధమును గ్రహింపగల పౌరులను ఈ గ్రంథాలయము తయారుచేయుగాక. రాత్రి గూడ్సుబండి చప్పుడు వినబడినప్పుడు చిల్లకూరు బాలుడొకడు వ్యాగనులను లెక్కించి, ఇందులో ఏమి పోవుచున్నది, ఎవరికై పోవుచున్నదని అడిగినచో, ఈ రజతోత్సవము సార్థకమైనట్లే.