కష్టములకొక చిట్టా

నేను కళాశాలలో చదువుచున్నాను.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831లో తిరిగివచ్చిరి. త్రోవలోని మజిలీలను, వసతులను, ఇక్కట్లను ఎప్పటికప్పుడు వ్రాసి మిత్రునకు పంపిరి. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడినవి. ఆయన పడిన శ్రమ తరువాతి బాటసారులకు సమాచారమయ్యెను.

ఆ పద్ధతిని నేనును ప్రతిరాత్రియు దినచర్య వ్రాయుచున్నాను. మొన్న ఉపకారవేతనము రాలేదు. పరీక్షరుసుము గడువు సమీపించెను. చదువాగునేమోయని మనసు కలతపడెను. వ్రాసి చూడగా, జరిగినది ఒక్క వాక్యము. భయము చేర్చినవి పది. ఆ పదింటిని కొట్టివేసి, మరునాడు చేయవలసిన పనిని మాత్రము వ్రాసికొంటిని: గడువు కోరుట. కోరగా వారము దినములు లభించినవి. లభింపకున్నను, ఆ రాత్రి నిద్ర నాకు దక్కియే యుండెడిది.

మీరు పద్దులు వ్రాయునట్లే కష్టములకును చిట్టా పెట్టి చూడుడు. అప్పెంతయో తెలిసిన సగము దిగులు తీరును గదా!