గోదావరిలో పోయిన లెక్కలు, ఇప్పుడు మేము చేస్తున్న పని

(మండల సమాఖ్య మహాజన సభలో ఒక గ్రామ సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజి గురించి ముందు మాట్లాడిన అక్కలు చెప్పారు. మాకు ఇచ్చిన విషయం కంప్యూటర్ లెక్కలకు కాపీ తీసుకోవడం. ఇదేం విషయం అని కొందరు టీకి లేస్తున్నారు, కాస్త కూర్చోండి. 2022 జూలైలో మేము పడ్డది మీకు రావద్దనే చెబుతున్నాం.

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మన పిల్లలకు కూడా తెలుసు. మొదటిదానికి ఒడ్డు ఊళ్లలో ఎవరూ కంగారు పడరు. ఆ ఏడు మూడోది దాటాక కూడా పెరుగుతూనే పోయింది. జూలై 16న 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే.

ఊరు ఖాళీ చేయమన్నప్పుడు పిల్లలు, ముసలివాళ్లు, బియ్యం, మేకలు అన్నీ ట్రాక్టర్ ఎక్కాయి. మేము ఆఫీసు తాళం తీసి తీర్మానాల పుస్తకాలు, క్యాష్ బుక్, లెడ్జర్లు రెండు సంచుల్లో వేసుకున్నాం. కంప్యూటర్‌ను బీరువా పైకి ఎక్కించాం. అంత ఎత్తుకు రావనుకున్నాం. కాపీ ఉందా అంటే ఉంది. పెన్ డ్రైవ్ అదే గదిలో, టేబుల్ డ్రాలో ఉంది. తొందరలో ఎవరికీ గుర్తు రాలేదు.

నీళ్లు తీశాక వచ్చి చూస్తే గదిలో మోకాలు లోతు బురద. కంప్యూటర్‌ను ఎండబెట్టి ఖమ్మం తీసుకెళ్తే ఇక ఏమీ రాదన్నారు. పెన్ డ్రైవ్ మాత్రం తుడిచి పెడితే తెరుచుకుంది. సంతోషపడ్డాం. చూస్తే అందులో ఉన్నది సంక్రాంతి నాటి కాపీ. ఆ తర్వాత ఎవరూ తీయలేదు.

బ్యాంకు అప్పు లెక్క బ్యాంకులో ఉంది, స్త్రీనిధి లెక్క స్త్రీనిధిలో ఉంది. పోయినవి మన సొంత లెక్కలు. యాసంగి వడ్ల కొనుగోలు కేంద్రంలో ఏ రైతుకు ఎంత తూకం, హమాలీలకు ఎంత, గోనె సంచులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, అన్నీ అందులోనే. రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగి రసీదులు అడిగాం. చాలా ఇళ్లలో రసీదులూ నీళ్లలో పోయాయి. హమాలీ మేస్త్రీ చొక్కా జేబులో పెట్టుకునే చిన్న నోటు పుస్తకం మమ్మల్ని ఆదుకుంది. అయినా 340 సంచులకు లెక్క తేలలేదు. ఆ డబ్బు మా కమిషన్‌లోంచే పోయింది.

డబ్బు పోతే పోయింది. మా గూడెంలో ఒక అక్క తునికాకు డబ్బుల్లోంచి 6,000 అప్పు కట్టింది. ఆ రోజు పాస్ పుస్తకం తేలేదు. కంప్యూటర్‌లో ఎక్కించాం, లెడ్జర్‌లో తర్వాత రాద్దామనుకున్నాం. వరద తర్వాత ఎక్కడా ఆమె పేరు లేదు. కట్టిందో లేదో అని మాలోనే కొందరు అన్నారు. ఆమె మూడు మీటింగులకు రాలేదు. ఇంటికి వెళ్తే, “నాకు చదువు రాదు, మీరు రాసిందే నమ్మిన” అన్నది. మేము తల దించుకున్నాం. చివరికి ఆ రోజు వసూళ్లు రాసిన చిత్తు కాగితం ఫోటో ఒక చెల్లె ఫోన్‌లో దొరికింది. అందులో ఆమె పేరు ఉంది. ఆ ఫోటో లేకుంటే ఆమె చేత రెండోసారి కట్టించేవాళ్లమేమో.

ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, అరచేతి అంత ఉండే హార్డ్ డిస్క్‌లు రెండు కొన్నాం. ప్రతి నెల ఈసీ మీటింగ్ రోజు ఒకదానిలో కాపీ తీస్తాం. అది మిట్ట ఊరి సమాఖ్య కోశాధికారి అక్క ఇంటికి పోతుంది, అక్కడున్నది వెనక్కి వస్తుంది. కాపీ అవగానే డిస్క్ తీసేస్తాం. కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే జిరాక్స్ షాపు పెన్ డ్రైవ్ నుంచి వచ్చిన వైరస్ దానికీ పాకుతుంది. సభ్యుల ఆధార్, ఖాతా నంబర్లు ఉంటాయి గనుక డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టాం.

మూడో కాపీ గూగుల్ డ్రైవ్‌లో. 15 జీబీ వరకు ఉచితం, మన లెక్కల ఫైళ్లకు చాలు. గూడెంలో సిగ్నల్ ఉండదు, భద్రాచలం వెళ్లినప్పుడు ఎక్కిస్తాం. ఒక జాగ్రత్త. కంప్యూటర్‌తో దానంతటదే కలిసేలా పెట్టుకుంటే ఇక్కడ తీసేసిన ఫైలు అక్కడా పోతుంది. చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. ఇంకోటి, ఆ ఖాతా సమాఖ్య పేరున ఉండాలి. మా దగ్గర కంప్యూటర్ చేసే అమ్మాయి తన సొంత నంబర్‌తో తెరిచింది. పెళ్లై కూనవరం పోయింది, 2014 నుంచి అది ఆంధ్రా. ఓటీపీ కావాలన్నప్పుడల్లా ఆ పిల్లకు ఫోన్ చేసి అడుక్కున్నాం. ఇప్పుడు పాస్‌వర్డ్ ఇద్దరికి తెలుసు.

కాపీ తీశాక తెరిచి చూడండి. మేము మొదట్లో మూడు నెలలు తీసింది ఫైలు కాదు, డెస్క్‌టాప్ మీద కనిపించే షార్ట్‌కట్ బొమ్మ! డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెడితే గాని తెలియలేదు. అప్పటి నుంచి ఏదో ఒక సంఘం లెక్క డిస్క్‌లోంచి తెరిచి, పుస్తకంలోని నిల్వతో సరిచూసి, చూసినట్టు తీర్మానంలో రాస్తున్నాం. చేతిరాత పుస్తకాలు మానలేదు. పాస్ పుస్తకం తేని రోజు చీటీ రాసి సంతకం చేసి ఇస్తున్నాం.

2023 జూలైలో గోదావరి మళ్లీ 53 దాటింది. అప్పటికే డిస్క్ మిట్ట ఊళ్లో ఉంది. మేము పిల్లల్ని, మేకల్ని చూసుకున్నాం.

ఇంకా కొన్ని సమాఖ్యలు డిస్క్ కొనలేదు. ఈ సభలోనే తీర్మానం పెట్టి కొనమని అడుగుతున్నాం. దాచడానికి మిట్ట మీద చోటు లేనివాళ్లు ఆ అక్క ఇంట్లో పెట్టుకోవచ్చు, ఆమెను అడిగే చెబుతున్నాం.